గీత మీద లేని బోరు

"నస్పూర్ల ఉండె డ్రిల్లర్ కాక లేడా మేడం, తాగి బోరు తప్పు కాడ ఏసిండని తీసేసిండ్రు సూడు, గాయిన పోయిండట. ఐదు దినాలైతున్నదట."

మా ఆఫీసు అటెండరు చాయ గ్లాసు నా కీబోర్డు పక్కన పెడుతూ చెప్పాడు. వాన వచ్చేటట్టుంది అన్నంత తేలిగ్గా.

"తాగి అని నీకెవలు చెప్పిండ్రు?" అన్నాను.

"ఎవలో ఎందుకు మేడం, అందరు గట్లనే అంటరు. ఊకెనే తీసేస్తరా మనిషిని?"

"తాగలే. ఆయన ఎన్నడు తాగలే" అని అరిచాను. ఆఫీసంతా నా వైపు తిరిగింది. అటెండరు పాపం బెదిరిపోయి, చక్కెర ఎక్కువైందా అని అడిగాడు.

ఆ 'అందరికీ' ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. రెండేళ్ల కింద ఒక కాగితం మీద 'నా నిర్లక్ష్యం వల్ల' అని రాసి ఉంది. ఆ కాగితం టైపు చేసింది నేనే. అసలు సంగతి అది కాదని తెలిసే టైపు చేశాను. ఎవరికీ చెప్పొద్దని కాక నా దగ్గర మాట తీసుకున్నాడు, నేను నిలబెట్టుకున్నాను. నా మొహానికి అదొక ఘనకార్యం! ఆ నిర్లక్ష్యమే నోరు నోరు తిరిగి తాగుడైంది. ఆయన పరువు పోతుంటే మాటిచ్చానన్న వంకతో నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇక కూర్చోను. పోయిన మనిషికిచ్చిన మాట తప్పుతున్నాను, పాపమైతే నాకే తగలనీ.

పేరు మాత్రం రాయను. ఆఫీసులో మా అందరికీ ఆయన కాకే.

మంచిర్యాలలో మాదొక చిన్న ఆఫీసు. భూమి కింద ఏ లోతులో ఏ రాయి ఉందో, బొగ్గు ఎక్కడ ఎంత మందం ఉందో పటాలు గీసి ఇవ్వడం మా పని. అందుకు ఆధారం పాత బోర్లు. బోరంటే నీళ్ల బోరు కాదు, కింద ఏముందో చూడటానికి భూమిలోకి దింపే సన్నని గుంత. ఒక్కో బోరు ఎక్కడ వేశారు, ఎన్ని మీటర్ల దగ్గర ఏం తగిలింది అన్నది పాత రిజిస్టర్లలో చేతిరాతతో ఉంటుంది. చెదలు తిన్నవి కొన్ని, చాయ ఒలికినవి కొన్ని. ఆ రాతలు చదివేవాళ్లు ఎవరూ దొరక్క, రిటైరై ఇంట్లో కూర్చున్న కాకను పిలుచుకొచ్చారు. ముప్పై ఏళ్లు కాంట్రాక్టర్ల దగ్గర, బోర్లు వేసే రిగ్గు బండ్ల మీద పని చేసిన మనిషి. ఆ రిజిస్టర్లలో సగం రాతలు ఆయనవే. ఆయన చదివేవాడు, నేను ఎక్కించేదాన్ని.

మొదటి రోజే మాకు పేచీ వచ్చింది.

"పన్నెండు మీటర్ల దాక ఎర్రమట్టి. ఆడికెల్లి తెల్ల ఇసుకరాయి. చేతిల పట్టుకుంటె రాలుతది."

"రాలుతది అని రాసే గడి లేదు కాకా ఇండ్ల."

"లేకుంటె చేసుకో. రాలే రాయి, రాలని రాయి ఒక్కటేనా? నెత్తిమీద పడ్డంక తెలుస్తది."

చేసుకున్నాను. ఇప్పటికీ మా ఆఫీసు టేబుళ్లలో చివర 'రాలుతుంది / రాలదు' అని ఒక గడి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేంటని నవ్వుతారు.

కుర్చీ ఇస్తే అంచు మీదే కూర్చునేవాడు. చెవి మీద పెన్సిల్. దాన్ని బ్లేడుతో సూదిలా చెక్కుకునేవాడు, నాకెన్నడూ ఇచ్చేవాడు కాదు. "నువ్వు ఒత్తి రాస్తవ్ బిడ్డా, ముక్కు ఇరుగుతది" అనేవాడు. మౌసు ముట్టుకునేవాడు కాదు. స్క్రీన్ మీద ఏదైనా చూపించాలంటే పెన్సిల్ వెనక వైపుతో, తాకకుండా, ఒక జానెడు దూరం నుంచి చూపించేవాడు. ఏ చుక్క చూపిస్తున్నాడో తెలియక నేను విసుక్కునేదాన్ని. "జర దగ్గరికి రా కాకా, కరవదు అది" అంటే, "కరవదని నువ్వంటున్నవ్, అది అనలే గదా" అనేవాడు.

రిజిస్టరులో బోర్లకు నంబర్లుంటాయి. కాకకు నంబర్లు గుర్తుండేవి కావు. ఆయన లెక్కలో అవి తుమ్మచెట్టు బోరు, తేలు కుట్టిన బోరు, మూడు దినాలు వాన పట్టిన బోరు, బెల్లం చాయ బోరు. నంబరు చదివి ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు. "ఆఁ, గిది గా ముసలామె మాకు రోజు అంబలి పోసిన కాడిది" అని తెరిచేవాడు. మనుషుల్ని గుర్తుపెట్టుకున్నట్టే గుర్తుపెట్టుకున్నాడు వాటన్నిటినీ.

ఆఫీసు అల్మారాలో బోరులోంచి తీసిన రాతి ముక్కలు కొన్ని డబ్బాల్లో ఉండేవి. అవి చూపించి ఏ రాయో చెప్పమంటే, గోటితో ఇంత గీరి నోట్లో వేసుకునేవాడు. నాకు మొదట్లో రోత పుట్టింది. పళ్ల మధ్య నలిపి, "కరకరమంటున్నది, సన్న ఇసుక. జారితే బంకమట్టి అయ్యేది" అని ఉమ్మి వచ్చేవాడు. మంగళవారాలు ఒక్కపొద్దు ఉండేవాడు, కొండగట్టు అంజన్నకు. ఆ రోజు రాతి ముక్క కూడా నోట్లో పెట్టేవాడు కాదు. "ఒక్కపొద్దంటే ఒక్కపొద్దే" అనేవాడు. మట్టి తింటే ఒక్కపొద్దు చెడుతుందా అని నేను ఏడిపిస్తే డబ్బా మూసి పక్కకు జరిపేవాడు.

దూరమంతా ఆయనకు అంగల్లోనే. మా ఆఫీసు వరండా ముప్పై నాలుగు అంగలు. బస్టాండు నుంచి మా గేటుకు ఆరు వందల ఎనభై. ఒకసారి ఎండలో నడిచి వచ్చి, "ఇయ్యాల ఆరువందల డెబ్బై ఆరే వచ్చింది, తొవ్వ దగ్గరైందా ఏంది?" అన్నాడు. "నీ అంగలే పెద్దగయినయి" అన్నాను. "ముసలోని అంగలు పెద్దగైతయా?" అని తనే పెద్దగా నవ్వాడు.

ఆ రిజిస్టర్లంటే ఆయనకు ప్రాణం. ఒకటి తెరిచి, "గీ రాత చూడు. వానల, బుడ్డి దీపం ముంగట రాసిన. ఒక్క కొట్టివేత చూపియ్యి" అని సవాలు చేసేవాడు. నిజంగానే ఉండేది కాదు. ఇంటికి పోయినా అదే మాట చెప్పేవాడేమో. ఒకసారి నస్పూర్‌లో వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. ఆయన భార్య, నాకు చిన్నమ్మ, వడ్డిస్తూ, "మీ కాక రాసిన కాయిదం మీద భూమిల దిగొచ్చు బిడ్డా, గంత నమ్మకం" అంది. ఆ మాటకు కాక తల వంచుకుని గబగబా అన్నం కలుపుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను అప్పుడు.

ఇప్పుడు సెక్షన్ అంటే ఏంటో కొంచెం చెప్పాలి. ఉల్లిగడ్డను నిలువునా కోస్తే పొరలు కనిపిస్తాయి కదా, భూమిని అలా కోసినట్టు ఊహించి గీసే బొమ్మ అది. పటం మీద ఒక గీత గీస్తాం. ఆ గీత వెంట కత్తి దిగిందనుకోవాలి. కానీ బోర్లన్నీ ఆ గీత మీదే వరసగా ఎందుకుంటాయి? అటొకటి ఇటొకటి ఉంటాయి. అందుకని గీతకు ఇటు యాభై మీటర్లు, అటు యాభై మీటర్ల లోపల ఉన్న చుక్కలన్నీ ఏరమని కంప్యూటరుకు చెబుతాం. అది ఏరి పసుపు రంగులో వెలిగిస్తుంది. ఒక్క బటన్ నొక్కితే అవన్నీ వచ్చి గీత మీద నిలబడతాయి. పది నిమిషాల పని.

కాకకు ఈ పని అస్సలు నచ్చలేదు.

"నీ మిషిని మంచిగనే ఉన్నది. పక్కపొంటి ఉన్నోళ్లందరు చుట్టాలే అనుకుంటది" అన్నాడు మొదటిసారి చూసినప్పుడు.

"యాభై మీటర్లే కాకా. గంతల భూమి మారిపోతదా?"

"ఐదు మీటర్లకు సుత మారుతది. అది గీతకు దగ్గరున్నదా అనే అడుగుతది, గక్కడెందుకున్నవ్ అని అడుగుతలే." కాసేపు ఆలోచించి, "సరే, గుంజుకొస్తె గుంజుకొచ్చినవ్. ఎంత దూరంకెల్లి గుంజుకొచ్చినవో కింద రాయి. చూసేటోనికి తెల్వాలె" అన్నాడు.

అప్పటి నుంచి మా సెక్షన్లలో ప్రతి బోరు కింద చిన్న అక్షరాలతో దూరం ఉంటుంది. ఇరవై రెండు మీటర్లు ఎడమకు. నలభై కుడికి. అది కాక పెట్టిన ఆచారం.

ఆ రోజు చేస్తున్నది గోదావరి ఒడ్డున ఒక ఊరి సెక్షన్. అక్కడ భూమి లోపల ఎప్పటివో పాత తవ్వకాలున్నాయి, నిండా నీళ్లు. వాటి పక్కన కొత్తగా తవ్వబోతున్నారు. పాత నీళ్లకూ కొత్త తవ్వకానికీ మధ్య గట్టి గోడంత రాయి వదలాలి. ఆ గోడ పలచనైతే నీళ్లు విరుచుకుపడతాయి, లోపలున్న మనుషులు బయటికి రారు. ఆ గోడ ఎంత మందమో చెప్పేదే మా సెక్షన్. సాయంత్రం ఐదు లోపల పంపాలని సారు, అంటే మా మేనేజరు, పొద్దుటి నుంచి నా నెత్తి మీద నిలబడ్డాడు.

యాభై అని కొట్టాను. ఏడు చుక్కలు వెలిగాయి. నేను నంబర్లు చదువుతుంటే కాక ఆఁ అంటున్నాడు. నాలుగో నంబరుకు ఆఁ రాలేదు. మళ్లీ చదివాను. పెన్సిల్ చెవి మీది నుంచి తీసి మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు.

"గది తీసెయ్ బిడ్డా."

"ఎందుకు? నాలుగు మీటర్ల దూరమే ఉంది. మొత్తంల గిదే దగ్గరిది."

"అది గక్కడ లేదు."

"లేకపోవుడేంది? రిజిస్టర్ల చోటు నంబర్లు గిక్కడివే. రాత నీదే."

"నాదే" అన్నాడు. అంతే. సారు గాజు తలుపు అవతల నుంచి గడియారం చూపిస్తున్నాడు. నాకు చిర్రెత్తింది. "రాసినోడివి నువ్వే, లేదనేటోడివి నువ్వే. నన్నేం చేయుమంటవ్ కాకా? కారణం చెప్పు, తీసేస్త" అన్నాను. చెప్పలేదు. పంపేశాను. నాలుగు మీటర్లు కుడికి, అని కింద చిన్న అక్షరాలతో రాసి మరీ పంపాను.

మరునాడు కాక రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మూడో రోజు నేను గేటు తాళం తీసేసరికి వరండాలో నిలబడి ఉన్నాడు. నిద్ర లేని మొహం.

"కూసో బిడ్డా, చెప్త" అన్నాడు.

బోరు ఎక్కడ వేయాలో సర్వేవాళ్లు ముందే మేకు పాతి, ఆ చోటు కొలతల నంబర్లు రిజిస్టరులో రాసి పోతారట. తరవాత రిగ్గు వస్తుంది. మేకు ఉన్న చోట ఏ రాయో గట్టో అడ్డముంటే పది ఇరవై అంగలు పక్కకు జరిపి వేసుకుంటారు. మళ్లీ సర్వేవాళ్లను పిలిస్తే పదిహేను రోజుల పని ఆగుతుంది, అందుకని నంబర్లు మార్చరు. డ్రిల్లర్లందరూ చేసే పనే ఇది. కాక మాత్రం పక్కన పెన్సిల్‌తో 'ఇన్ని అంగలు జరిపినం' అని రాసేవాడు. నేను ఎన్నో చోట్ల చూశాను ఆ రాత.

"గా ఊర్లె మేకు పొలం నడిమిట్ల పడ్డది. వరి పొట్టమీదున్నది, కంకి ఇంక బయటికి రాలే. రిగ్గు బండి పోవాలంటె అరెకరం తొక్కుడే. గా పొలం ఆమె వచ్చి బండి ముంగట పండుకున్నది. మొగడు పోయి ఏడాది కాలే. చంకల పిల్ల. 'గీ ఒక్క పంట ఇంట్ల పడనియ్యి అన్నా' అన్నది. నూట పది అంగలు జరిపిన బిడ్డా. పక్కన పంట ఎయ్యని పడావు భూమిల ఏసిన. గంత జరిపిన అని రాస్తే అప్పటి సారు ఒప్పుకుంటడా? మళ్ల పొలంలకే తోలుమంటడు. కోత అయినంక చెప్దాం, అక్కడ ఇంకోటి ఏద్దాం అనుకున్న. కోత కాకముందే మా రిగ్గును ఇంకో కాడికి పంపిండ్రు. రిజిస్టర్ కుట్టేసిండ్రు. అట్లనే ఉండిపోయింది."

"ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"ఇన్నేండ్లు గా దిక్కు ఎవలు తవ్వలే. ఇగ ఎవలు తవ్వరనుకున్న." చేతులతో మొహం తుడుచుకున్నాడు. "నేను చూసింది పడావు భూమి కింద. మేకు కింద ఎవలు చూడలే. నీ బొమ్మల అక్కడ గట్టి రాయి ఉన్నది. అది నా రాయి కాదు బిడ్డా. గది నమ్మి పోరగాండ్లు లోపలికి పోతరు."

ఆ బొమ్మ పంపింది నేను కదా. లోపలికెళ్లి సారుకు చెప్పాను. సారు చెడ్డవాడు కాదు, భయస్తుడు. "నోటిమాట మీద చుక్క జరపలేం. రుజువు తెండి. అప్పటిదాకా సెక్షన్ ఆపమని చెప్తాను, ఒక్క వారం" అన్నాడు.

ఆదివారం నా స్కూటీ మీద ఇద్దరం వెళ్లాం. కాక వెనక కూర్చుని రెండు చేతులతో సీటు వెనక కడ్డీని పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా "అంజన్నా" అంటున్నాడు. ఊరు మారిపోయింది. పొలాల మధ్య రోడ్డు పడింది, వరి పోయి పత్తి వచ్చింది. కాక ఏ చెట్టునూ గుర్తుపట్టలేకపోయాడు. అన్ని బోర్లను కళ్లు మూసుకుని చెప్పిన మనిషి కళ్లు తెరుచుకుని వెతుక్కుంటుంటే చూడలేకపోయాను. ఒక కాలువ మూల దగ్గర నిలబడి, ఇదే కావచ్చని అంగలు లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. మూడుసార్లు పెట్టాడు. మూడుసార్లూ పత్తి చేలోనే తేలాడు.

"నా అంగలు చిన్నగయినయి బిడ్డా" అన్నాడు. ఆ రోజు నవ్వలేదు.

పత్తి ఏరుతున్న ఒక పెద్దామె మమ్మల్ని చాలాసేపు చూసింది. దగ్గరికి వచ్చి, కాక మొహంలోకి వంగి చూసి, "నువ్వు గా బోరు మిషిని అన్నవు కాదా?" అంది.

ఆమే. అప్పుడు బండి ముందు పడుకున్న పొలం ఆమె. జుట్టంతా నెరిసిపోయింది.

"ఎవలో అనుకున్న. నీ చెవి మీది పెన్సిల్ చూసి గుర్తువట్టిన" అని కాక రెండు చేతులూ పట్టుకుంది. "గా యేడు పంట పోతె నేను, నా పిల్ల ఉరేసుకుందుము అన్నా. పిల్ల లగ్గమైంది. ఇద్దరు మనుమరాండ్లు. దేవుడు నిన్ను సల్లగ చూడాలె."

కాక ఏడ్చాడు. ఆమె సంతోషంతో ఏడుస్తున్నాడనుకుని కొంగుతో తన కళ్లూ ఒత్తుకుంది. తను చేసిన మేలు గురించి ఆయన వింటున్నాడు, వింటూ ఆ పొలం కింది నీళ్ల గురించి ఆలోచిస్తున్నాడు. అది నాకొక్కదానికే తెలుసు.

బోరు పైపు గురించి అడిగితే చటుక్కున తీసుకెళ్లి చూపించింది. తుప్పుపట్టిన ఇనుప గొట్టం, మోకాలెత్తు, బర్రెను కట్టేసుకుంటోందట. అంచు మీద నంబరు సగం కనిపిస్తోంది. ఫోటోలు తీసుకున్నాను, జీపీఎస్‌తో కొలుచుకున్నాను. మేకు ఉన్నట్టు రాసిన చోటుకూ దీనికీ ఎనభై మీటర్ల చిల్లర. అదీ గీతకు అడ్డంగా, యాభై మీటర్ల పట్టీలోకి రానే రాదు.

సోమవారం చుక్క జరిపాను. మళ్లీ యాభై అని కొట్టాను. ఆరు చుక్కలే వెలిగాయి. మధ్యలో నాలుగో చోటు ఖాళీగా మిగిలింది.

సారు ఆ ఖాళీని చూసి తలపట్టుకున్నాడు. "పైవాళ్లకు ఏం చెప్పాలి? రాతపూర్వకంగా ఇవ్వాలి. ఒక్క బోరు ఇట్లా అయితే మిగతావి ఎట్లా నమ్మాలని అడుగుతారు. పెద్దాయనా, ఆలోచించుకో. నీ పేరు పోతుంది."

"ఆలోచించుకున్న సారూ. రాయి బిడ్డా" అన్నాడు కాక.

నేను టైపు చేయడం మొదలుపెట్టాను. రైతు మహిళ వేడుకున్నందున, అని కొట్టాను. కాక పెన్సిల్ వెనక వైపుతో ఆ మాట చూపించాడు. ఆ రోజు మొదటిసారి స్క్రీన్‌కు పెన్సిల్ తాకించాడు.

"గది తీసెయ్."

"నిజమే కదా కాకా."

"నిజమే. ఆమె అడిగింది, జరిపింది నేను. ఆమె పేరు కాయిదంల ఎందుకు? రేపు ఎవడన్న పోయి నీ వల్లనే అంటె ఆమె బతుకంత పరేషాన్. ఆమెకు గా పంట ఒక్కటే తెలుసు, గంతే ఉండనియ్యి."

"మరి ఎందుకు జరిపినవంటే ఏం రాయాలె?"

"నా నిర్లక్ష్యం అని రాయి."

"రాయను" అన్నాను. చేతులు కీబోర్డు మీది నుంచి తీసేశాను.

"జాలి పడ్డందుకు కాదు బిడ్డా, రాయకుంట ఉన్నందుకు. గది నిర్లక్ష్యమే. ఇన్నేండ్ల నిర్లక్ష్యం" అన్నాడు. "ఇంకో మాట. ఇది ఎవలకు చెప్పకు. మంచి పని చేసి తప్పైందని చెప్పుకుంట తిరిగేటోన్ని కాను నేను. ఇంట్ల సుత తెల్వద్దు. మీ చిన్నమ్మకు తెలిస్తె నాలుగిండ్లల్ల చెప్తది, ఆ పొలం ఆమె దాక పోతది. ఒట్టు పెట్టు."

పెట్టాను. రాశాను. ఆయన కింద సంతకం చేశాడు, వంకర లేకుండా, కొట్టివేత లేకుండా.

ఆ ఖాళీ చోట కొత్తగా బోరు వేశారు. రాయి గోడ అనుకున్నదానిలో సగం కూడా లేదు. తవ్వకం అక్కడి నుంచి మళ్లించారు. ఏ ప్రమాదమూ జరగలేదు. జరగలేదు కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. బయటికి తెలిసిందల్లా ఒక్కటే, ఒక డ్రిల్లరు బోరు తప్పు చోట వేశాడని. వారం తిరగకుండా కాకను రావద్దన్నారు. మిగతా రిజిస్టర్లు చదవడానికి ఇంకెవరినో పెట్టారు. ఆయన పోతూ పోతూ నా బల్ల మీద చెక్కిన పెన్సిల్ ఒకటి పెట్టి పోయాడు. ఒత్తి రాయకు, అని కూడా అనలేదు.

తరవాత నేను ఆయన్ను చూడలేదు. పోదామనుకున్న ప్రతిసారీ చిన్నమ్మ ఏం అడుగుతుందోనని భయపడ్డాను. పని ఎక్కువుందని నాకు నేను చెప్పుకున్నాను. పని ఎప్పుడు తక్కువుంది?

అటెండరు మీద అరిచిన ఆ రోజే, మధ్యాహ్నం, ఆటో ఎక్కి నస్పూర్ వెళ్లాను. ఇంటి ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మనుషులెవరూ లేరు. లోపల చిన్నమ్మ గోడకానుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. నన్ను చూసి ఏడవలేదు.

"మంచి యాల్లకే వచ్చినవ్" అంది.

పక్కన కూర్చున్నాను. ఎట్లా జరిగిందని అడిగాను. గుండె, అంది. పొద్దున చాయ తాగి వాకిట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. కాసేపటికి తనే అడిగింది.

"బిడ్డా, నువ్వు పక్కపొంటి కూసున్నదానివి. నిజం చెప్పు. గాయిన తాగుతుండెనా? నా ముంగట ఎన్నడు తాగలే. గని నెలల కొద్ది క్యాంపుల్ల ఉండె, అక్కడేం చేసిండో నాకేం తెలుసు? లోకమంత అన్నది. ఆయన్ను అడిగితే కాదనలే, ఔననలే. 'నా తప్పే' అన్నడు, గంతే."

చెప్పాను. మేకు, పొలం, బండి ముందు పడుకున్న ఆమె, చంకలో పిల్ల, పడావు భూమి, కాగితం, ఒట్టు. ఏదీ దాచలేదు. చెబుతుంటే నాకే ఏడుపు ఆగలేదు. ఆమె కదలకుండా వింది.

"వరి పొట్టమీదున్నదా?" అంది అంతా అయ్యాక.

"ఔ చిన్నమ్మా."

"పొట్టమీదున్న వరిల బండి తోలుతడా మరి, ఎవుసం చేసెటోని కొడుకు" అంది. ఎవరినో గద్దిస్తున్నట్టు అంది. బయట ఎవరో కుర్చీలు లెక్క పెట్టుకుని తీసుకుపోతున్నారు.

"రెండేండ్లు" అంది. "పెట్టేది పెట్టిన, గిన్నె ముంగట జరిపి లోపలికి పోయేదాన్ని. మాట కలుపలే బిడ్డా. నలుగుర్ల నా తల తీసిండని నాకు కోపం. గాయిన అన్నం తినుకుంట తలుపు దిక్కు చూస్తుండె. మాట్లాడుతనేమో అని చూస్తుండె."

నేను ఆమె చేయి పట్టుకోబోయాను. ఆమె చేయి వెనక్కు తీసుకుంది, కోపంతో కాదు, ఏదో లెక్క వేసుకుంటున్నదానిలా.

"మంచిర్యాలకెల్లి ఇక్కడికి ఎంతసేపు పట్టింది నీకు?" అని అడిగింది.

"పావుగంట" అన్నాను.